ఎంత తప్పు కావచ్చును?

మా నాయనమ్మ అన్నము వండునపుడు, ఎసరు మరగి బియ్యము ఉడుకుపట్టిన కొంతసేపటికి, గరిటెను కుండ అడుగుదాక దింపి ఒకమారు చుట్టును త్రిప్పి, ఆ గరిటె కొసకంటిన మెతుకులలో ఒక్కదానిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నదిమి చూచి, ఇక వార్చవలయునో మరియొక పొంగు రానీయవలయునో నిర్ణయించెడిది. శాస్త్రకారులు దీనినే స్థాలీపులాకన్యాయమనిరి. కుండెడన్నమునకు ఒక్క మెతుకు సాక్షియగుట మనవారికి ఎంత సహజముగా తోచెననగా, వంటయింట పుట్టిన ఆ మాట వాదములలోను వ్యాఖ్యానములలోను ప్రమాణమై కూర్చున్నది. అయితే న్యాయమును వల్లించువారు మెతుకును గూర్చి చెప్పుదురే గాని, మెతుకు తీయుటకు ముందు గరిటె తిరిగిన సంగతి చెప్పరు. త్రిప్పని కుండలో అడుగున మాడుచు, పైన పలుకుగా మిగిలియున్న అన్నమునకు ఏ మెతుకును సాక్షి కాజాలదు.

కొంతకాలము క్రిందట ఒక విశ్వవిద్యాలయములో గణాంకశాస్త్రము చదువుచున్న ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులకు మౌఖికపరీక్ష జరుగుచుండగా, పని లేని చుట్టమువలె వెనుక బల్లపై కూర్చుండి వినుచున్న నాకు ఆ గరిటె మరల జ్ఞప్తికి వచ్చినది. ఒక విద్యార్థి చెరువులోని చేపలను లెక్కకట్టి తెచ్చెను. మరియొకడు ఒక డిపోనుండి బయలుదేరు బస్సులలో నిలుచుండి పోవువారి సంఖ్యను, ఒకతె ఆసుపత్రి ఓపీ వరుసలో రోగి వేచియుండు కాలమును, ఇంకొకతె ఒక మండలములోని వరిచేల దిగుబడిని అంచనా వేసి తెచ్చిరి. చేపకును బస్సునకును సంబంధమేమియు లేకున్నను, వారందరు చేసిన పని యొక్కటే. చూచిన కొంచెమునుబట్టి చూడని సమస్తమును గూర్చి ఒక మాట చెప్పుట. వరి లెక్కకట్టిన అమ్మాయి తన సగటును ధీమాగా చదివి ముగించినపిదప, పరీక్షాధికారిగా వచ్చిన వృద్ధాచార్యుడు కండ్లద్దములు సవరించుకొని ఒక్క ప్రశ్న వేసెను.

“బాగుందమ్మా. ఇది ఎంత తప్పు కావచ్చు?”

“తప్పేమీ లేదు సార్. ప్రతి మడిలో ధాన్యం రెండుసార్లు తూచాను.”

గదిలో నవ్వులు వినబడెను గాని ఆయన నవ్వలేదు. నిజమునకు నవ్వదగినదియు కాదు. ఆ పిల్లను తికమకపెట్టినది మన భాషయే. తెలుగున తప్పు అను మాట అపరాధమునకును చెల్లును, ఎడబాటునకును చెల్లును. గురి తప్పినదనునపుడు, దారి తప్పినదనునపుడు, లెక్క తప్పినదనునపుడు మనము నిందించుచున్నది ఎవ్వరిని? బాణము గుఱుతునకు ఎంతదూరమున పడెనో ఆ దూరమే అక్కడి తప్పు. విలుకాడు ఎంత నేర్పరియైనను నూరుబాణములును ఒక్క చుక్కపై నాటుకొనవు. ఆచార్యుడడిగినది ఆ రెండవ తప్పును గూర్చియే. త్రాసు సరియైనది, చేయి వణకలేదు, కూడికలో పొరపాటు లేదు. అయినను ఆమె ఆ మడులను గాక ప్రక్కమడులను కోసియుండినచో మరియొక సగటు వచ్చియుండును గదా. ఆ రెండు సగటులకు నడుమ ఎడమెంత యుండవచ్చును?

చేపలవాని లెక్కలో ఈ యెడము కంటికే కనబడుచుండెను. ఆ పద్ధతి చేపల వ్యాపారమునెరిగినవారికి కొత్తది కాదు. డెన్మార్కు దేశపు జీవశాస్త్రజ్ఞుడు పీటర్సన్ పందొమ్మిదవ శతాబ్ది చివర సముద్రపు చేపలకు గుర్తులు కట్టి విడిచిన నాటినుండి అది వాడుకలో నున్నది. చెరువులో వల వేసి 200 చేపలను పట్టి, మొప్పల మూతలకు గుర్తు కట్టి మరల నీటిలో విడిచితిమనుకొందము. అవి తక్కినవానితో కలిసిపోయిన కొన్నినాళ్ళకు మరల వల వేయగా 150 చేపలు పడెను. వానిలో 15 గుర్తుగలవి. పదింటికొకటి మనది యైనచో, మన 200లును చెరువులో పదవవంతే కావలయును, కనుక చెరువులో చేపలు 2,000. లెక్క ఎంత ముచ్చటగా నున్నది! కాని ఆ 15 అనునది ఆనాటి వల యొక్క అదృష్టము మాత్రమే. 10 పడియుండినచో ఇదే లెక్క 3,000 అనును, 20 పడియుండినచో 1,500 అనును. గుర్తు కట్టిన చేపలు బెదరి వల దరికే రాకుండినచో ఏమనునో చెప్పనే అక్కరలేదు. చెరువు మారలేదు, చేపలు మారలేదు. మారినది మన మాట మాత్రమే.

మన పురాణములలోను ఒక గొప్ప అంచనా యున్నది. భారతమున నలోపాఖ్యానమందు, బాహుకుడను పేర సారథియై రథము తోలుచున్న నలునితో ఋతుపర్ణమహారాజు దారిప్రక్కనున్న తాండ్రచెట్టును చూపి, దాని రెండు కొమ్మలయందు 5 కోట్ల ఆకులును 2,095 కాయలును కలవనెను. బాహుకుడు నమ్మలేదు. రథము నిలిపి, చెట్టును కొట్టి, కాయలను లెక్కించి, రాజు చెప్పినన్నియే యుండుట చూచి నివ్వెరపోయెను. అపుడు ఋతుపర్ణుడు తనకీ లెక్కయు, పాచికల మర్మమును ఒక్క విద్యవలననే అబ్బినవని చెప్పెను. కొమ్మలోని కాయల లెక్కకును పాచిక పడు తీరునకును చుట్టరికము కలదన్న ఆ మాట నన్నెప్పుడును ఆశ్చర్యపరచుచునే యుండును. ఏలయన, యూరపులోని గణితజ్ఞులు ఆ చుట్టరికమును గుర్తించినది పదునేడవ శతాబ్దిలో జూదగాండ్ర ప్రశ్నలకు జవాబులు వెదకుచు. అయినను ఋతుపర్ణుని అంచనాయందు శాస్త్రమునకు కావలసినదొకటి కొరవడినది. ఒక్క కాయయు తప్పిపోలేదు. తప్పిపోని అంచనా మహిమ యగును గాని అంచనా కాదు. నలుడు చెట్టును కొట్టి చూచుటయే ఆ కథలో శాస్త్రీయమైన భాగమని నా అభిప్రాయము.

చెట్టు కొట్టకుండ కాయలు లెక్కించువారు దొరతనములో చాలకాలము నుండిరి. బ్రిటిషువారి పాలనలో పంట ఎంత పండెనో తెలియుటకు గ్రామోద్యోగి చేలగట్లపై నడచి, మంచి యేటి పంటను పదునారణాలుగా నెంచి, ఈ యేడు పన్నెండణాలనియో తొమ్మిదణాలనియో కంటిచూపుతో వ్రాసి పంపెడివాడు. పదహారణాల మాట, పదహారణాల తెలుగు అని మనమిప్పటికిని చెప్పుకొను పలుకుబడులలో రూపాయి నిండుదనమెట్లు నిలిచినదో, పంటలెక్కలలోను ఆ యణాలే అట్లు రాజ్యమేలినవి. శిస్తు మాఫీ కావలయునన్న రైతును, వసూలు తగ్గరాదన్న పైయధికారియు గట్టుకిరువైపుల నిలుచుండగా, ఆ అణాలు చేనునుబట్టి పడెనో మొగమాటమునుబట్టి పడెనో ఎవరికి తెలియును?

ఈ కాకిలెక్కలను మాన్పి, గరిటె త్రిప్పుటను శాస్త్రముగా మార్చినవారిలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అగ్రగణ్యుడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా నుండి, తన ప్రయోగశాలలోనే ఒక మూలను గణాంకములకు విడిచి, 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటును స్థాపించిన ఆయన, 1937 మొదలు వంగదేశములో జనపనార సాగును అంచనా కట్టుటకై లక్షలాది చేలలో కొన్నింటినే, అదియు తన ఇష్టమునుబట్టి గాక చీటీ తీసినట్లు యాదృచ్ఛికముగా ఎన్నుకొని కొలిపించెను. మంచి చేను, రోడ్డు ప్రక్క చేను, పరిచయమైన రైతు చేను అను ఎన్నికలన్నియు ఆ చీటీతో రద్దయినవి. ఎవరి చేతిలోను లేని ఎన్నికయే అందరి పక్షమునను సాక్ష్యము చెప్పగలదన్న విపరీతమైన మాట అట్లు మన పొలములలోకి దిగినది.

దిగినంతనే మరియొక చిక్కు బయటపడెను. ఇంత చేనులో ఎంత తావును కోయవలయును? మహలనోబిస్ చిన్న తావులు చాలుననెను. చిన్నవైనచో తక్కువ ఖర్చుతో ఎక్కువచోట్ల కోయవచ్చునని ఆయన వాదము. సుఖాత్మే అను మరియొక దిట్ట, చిన్న తావులు దిగుబడిని హెచ్చించి చూపునని ఎదురు నిలిచెను. ఇర్వురికిని ఏండ్లతరబడి సాగిన ఈ జగడమునకు మూలము, కోయు తావు చుట్టును కట్టిన త్రాటి అంచున నిలిచిన మొక్క. అది లోపలిదా, వెలుపలిదా? కోయువాడు దయాళువై లోనికే చేర్చుకొనును. త్రాడు అన్నివైపుల 5 సెంటీమీటర్లు మాత్రము సాగినదనుకొనుడు; 5 మీటర్ల చదరములో అది నూటికి నాలుగు పాళ్ళు పంటను పెంచి చూపును, 1 మీటరు చదరములో నూటికి ఇరువదియొక పాళ్ళు పెంచి చూపును. నేడు మన పల్లెలలో వరికి పంటకోత ప్రయోగము చేయునపుడు 5 మీటర్లకు 5 మీటర్ల చదరము కొలిచి నాలుగు మూలల గుంజలు పాతుట చూచినవారు, ఆ కొలత వెనుక ఇంత తగవున్నదని ఊహింపరు.

ఇచట ఒక భేదమును గుర్తింపవలయును. అంచు మొక్క తెచ్చెడు తప్పు ఎన్ని వేల తావులు కోసినను తగ్గదు. అన్ని తావులు ఒకేవైపునకు అబద్ధమాడుచున్నవి. 1936లో అమెరికా అధ్యక్షుని ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అను వారపత్రిక కోటిమందికి ఓటుచీట్లు పంపి, తిరిగివచ్చిన ఇరువదిలక్షలకు పైబడిన జవాబులనుబట్టి లాండన్ అను అభ్యర్థి గెలుచునని చాటగా, 48 రాష్ట్రములలో 46 రూజ్వెల్టునకు పోయినవి. టెలిఫోను గలవారి పట్టీలనుండియు, మోటారుకార్లు గలవారి పట్టీలనుండియు పేర్లు తీయుట, ఆసక్తిగలవారే జవాబులిచ్చుట యను రెండు కారణములచేత ఆ కుండ తిరుగనే లేదు. మెతుకులు మాత్రము గంపలకొలది తీసిరి.

కుండ తిరిగినపిదప మిగులు తప్పు వేరు జాతిది. అది ఒకమారు ఇటు, ఒకమారు అటు పోవును. పరిశీలనలు పెరిగినకొలది కరగును, కాని చాల పిసినారితనముతో కరగును. తప్పు సగము కావలయుననిన పని రెండింతలు చేసిన చాలదు, నాలుగింతలు చేయవలయును. పదవవంతు కావలయుననిన నూరింతలు. ప్రభుత్వములకు గాని పరిశోధక విద్యార్థులకు గాని ఈ వర్గమూలపు నియమముకన్న దయమాలిన ఖజానాదారు లేడు. ఇక పరిశీలనలు నాలుగో అయిదో మాత్రమే యున్నపుడు ఏమిగతి? ఆ ప్రశ్న వేసుకొన్నవాడు డబ్లిన్ నగరపు గిన్నెస్ బీరు కార్ఖానాలో పనిచేయుచు, బార్లీ పంటలపైని హాప్ మొగ్గలపైని జరుపు కొలది ప్రయోగములతో నిర్ణయములు చేయవలసివచ్చిన విలియం గాసెట్. యజమానులు 1906లో ఆయనను లండన్ యూనివర్సిటీ కళాశాలలోని కార్ల్ పియర్సన్ చెంతకు ఒక యేడు చదువునకు పంపిరి. 1908లో ఆయన ప్రకటించిన పరిశోధనమున, కార్ఖానా కట్టుబాటునుబట్టి స్వనామమును వ్రాసికొనరానందున, స్టూడెంట్ అని సంతకము చేసెను. ప్రపంచమున నేడు ప్రతి గణాంకవిద్యార్థియు నేర్చుకొను స్టూడెంట్ పరీక్ష పేరులోని ఆ విద్యార్థి ముప్పదియేండ్లు దాటిన కార్ఖానా ఉద్యోగి యన్నమాట. కొంచెము సాక్ష్యముపై ఎంత సందేహము మిగిలించుకొనవలయునో ఆయన పట్టిక కట్టి చూపెను.

ఇక మనవాని కథకు వత్తును. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10వ తేదీన అప్పటి బళ్ళారి జిల్లాలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించెను. ఎనిమిదవ సంతానమగుటచేత దేవకీదేవి ఎనిమిదవ బిడ్డ పేరు పెట్టిరి. తండ్రి పోలీసుశాఖలో ఇన్‌స్పెక్టరగుటవలన బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదువు సాగెను. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగు గంటలకే లేపి నూనెదీపము వెలిగించి తన్ను చదివించినదని, పెద్దవాడై తాను వ్రాసిన గ్రంథమునొకదానిని ఆమెకంకితము చేయుచు ఆయన చెప్పుకొనెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1940లో గణితశాస్త్రమున ఎమ్మే మొదటి తరగతిలో ముగించి, యుద్ధకాలమున సైన్యపు సర్వే విభాగములో గణితజ్ఞుని కొలువున్నదని విని కలకత్తా పోయెను. ఆ కొలువు దొరకలేదు. బసలో పరిచయమైన ఒకరు మహలనోబిస్ ఇన్‌స్టిట్యూటులో శిక్షణ పొందుచుండుటచే వారి వెంట పోయి చూచి, 1941 జనవరిలో అందే చేరెను. ఆ యేడే కలకత్తా విశ్వవిద్యాలయము మన దేశములో మొట్టమొదటిసారి గణాంకశాస్త్రమున ఎమ్మే తరగతులను తెరువగా, తొలి విద్యార్థులలో ఒకడై 1943లో స్వర్ణపతకముతో నెగ్గెను.

1943 అనగా వంగదేశపు క్షామసంవత్సరము. కలకత్తా వీథులలో గంజికై చేతులు చాచినవారు రాలిపోవుచుండగా, పంట ఎంత, నిల్వ ఎంత, కొరత ఎంత యను ప్రశ్నలకు దొరతనముకడ నమ్మదగిన లెక్క లేకపోయెను. చనిపోయినవారి సంఖ్యయే నేటికిని అంచనా: ప్రభుత్వ విచారణసంఘము 15 లక్షలనగా, తరువాతి పరిశోధకులు 30 లక్షలదాక పోయిరి. ఒక అంచనాకును వేరొక అంచనాకును నడుమ ఎడము పదునైదు లక్షల ప్రాణములైన చోట, ఎంత తప్పు కావచ్చునను ప్రశ్నను బడిపిల్లల ప్రశ్నగా నెట్టివేయజాలము.

ఆ రోజులలోనే రాధాకృష్ణారావు, తాను నిన్నటిదాక కూర్చున్న తరగతికే పాఠము చెప్పుచుండెను. ఇంగ్లండులో ఫిషర్ స్థాపించిన ఒక ఫలితమును ఒకనాడు వివరించెను. పరిశీలనలయందు మనకు కావలసిన విలువను గూర్చిన సమాచారము ఇంత అని కొలువవచ్చును. పరిశీలనల సంఖ్య చాల పెద్దదైనపుడు ఏ అంచనాయైనను ఆ సమాచారము చూపు హద్దుకన్న నిశితము కాజాలదు. ఇది పాఠము. విద్యార్థులలో దాండేకర్ అను మరాఠీ యువకుడు లేచి, పరిశీలనల సంఖ్య చిన్నదైనపుడు ఇట్టి హద్దును ఏల నిరూపింపరాదని అడిగెను. ఈ దాండేకరే తరువాత పూనా గోఖలే సంస్థలో పనిచేసి, 1971లో రథ్‌తో కలిసి భారతదేశపు దారిద్ర్యమును లెక్కకట్టి ప్రసిద్ధికెక్కిన ఆర్థికశాస్త్రజ్ఞుడు. గురువైన రాధాకృష్ణారావు తన యింటికి పోయి ఆ రాత్రి కూర్చుండి నిరూపణను సాధించి, మరునాడు తరగతిలో చూపెను. ఆ నిరూపణ తక్కిన ఫలితములతో కలిసి 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో పది పదకొండు పుటల వ్యాసముగా వెలువడెను. ఆయనకు అప్పటికి పాతికేండ్ల ప్రాయము. స్వీడను దేశమున హరాల్డ్ క్రామర్ దానినే స్వతంత్రముగా కనుగొని 1946లో తన గ్రంథమున ప్రకటించుటచే లోకము దానిని క్రామర్–రావు హద్దు అనును. ఫ్రాన్సున ఫ్రెషే 1943లోనే దాని దరికి వచ్చియుండెను. పండిన కాయ ఒకేసారి పలుచోట్ల రాలుట విజ్ఞానచరిత్రలో వింత కాదు.

ఆ హద్దు చెప్పునదేమి? మనము ఎరుగని విలువ ఇంతయై యుండునేమోయని ఒక్కొక్క సంఖ్యను ఊహించి, మన పరిశీలనలు ఆ ఊహకు ఎంతవరకు పొసగునో ఎత్తుగా గీసికొందమేని ఒక కొండ ఏర్పడును. ఎక్కువగా పొసగు చోట శిఖరము. ఆ కొండ సూదిమొనగా నున్నచో శిఖరమెచట నున్నదో వేలు పెట్టి చూపవచ్చును. బోర్లించిన పళ్ళెమువలె నున్నచో శిఖరముపై నిలుచున్నవానికే అది శిఖరమో కాదో తెలియదు. కొండ వాలు ఎంత చురుకో అంతయే ఫిషర్ చెప్పిన సమాచారము. రావు చూపినదేమనగా, ఒకవైపునకు మొగ్గని అంచనా ఏదైనను, దానిని కట్టినవాడు ఎంత మేధావియైనను, ఆ అంచనా చెదరును కొలుచు విస్తృతి అను రాశి, సమాచారమును ఒకటిక్రింద హారముగా వ్రాసినపుడు వచ్చు సంఖ్యకు దిగువకు పోజాలదు. తెలివికి ఇచట అడుగు నేల కలదు. దాని క్రిందికి త్రవ్వుటకు కొత్త పరిశీలనలు కావలయునే గాని కొత్త సూత్రములు పనికిరావు.

ఈ నేల తెలిసినందున కలుగు లాభము మరియొకటి: మన పద్ధతి దానికెంత ఎత్తున తేలుచున్నదో కొలుచుకొనవచ్చును. గంటాకారపు వక్రముననుసరించి చెదరు కొలతలకు సగటు తీసినచో అది సరిగా నేలను తాకును. అన్నింటిని వరుసగా పేర్చి నడిమిదానిని తీసికొను మధ్యగతము తాకదు. సగటు 100 కొలతలతో చేయు పనికి అది ఇంచుమించు 157 కొలతలను కోరును. అయినచో మధ్యగతము పనికిరానిదా? కాదు, కొలతలలో ఒకటి రెండు పిచ్చివి పడినపుడు సగటు వానితో కూడ పిచ్చెత్తును, మధ్యగతము నిలిచియుండును. హద్దు షరతులతో కూడినది, ఆ షరతులను చదువకయే దానిని ప్రయోగించువారు ఎందరో కలరు. రాడారులో దూరపు విమానమునుండి మరలివచ్చు అలను కొలుచువారు, ఉపగ్రహముల సంకేతములనుబట్టి మన చేతిలోని ఫోను ఎచట నున్నదో నిర్ణయించువారు, గురుత్వతరంగములనుబట్టి కృష్ణబిలముల ద్రవ్యరాశిని గణించువారు, యంత్రము కట్టకముందే ఈ హద్దును వేసి చూచి, దానివలన ఎంత నిశితత్వమును ఆశింపవచ్చునో లెక్కించుకొందురు.

ఆ వ్యాసముననే మరియొక రత్నము కలదు. రెండేండ్ల తరువాత అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ దానిని వేరుగా కనుగొనినందున అది రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమనబడుచున్నది. పనికిమాలిన అంచనాను కూడ సానబట్టి మంచిదానిగా చేయు ఉపాయమది. ఒక పట్టణమున ఆటోలకు 1 మొదలుకొని వరుస సంఖ్యలు వేసిరనుకొందము. స్టేషనువద్ద నిలుచుండి అయిదు ఆటోలను చూచితిని. సంఖ్యలు 12, 25, 31, 42, 190. ఊరిలో ఆటోలెన్ని? సంఖ్యల సగటు సుమారు నడిమికి రావలయును గనుక, సగటును రెట్టించి ఒకటి తీసివేయుట ఒక పద్ధతి. సగటు 60, కనుక ఆటోలు 119. కాని 190వ ఆటో నా కండ్లయెదుటనే పొగ వదలి పోయినది గదా! పద్ధతి ఒకవైపునకు మొగ్గునది కాదు, పలుమారులు చేసినచో సరాసరిన సరియే. అయినను ఈనాడు అది పలికినది వట్టి అసంబద్ధము. రావు ఉపాయమేమనగా, విలువను గూర్చిన సాక్ష్యమంతయు ఏ యొక్క రాశిలో ఇమిడియున్నదో కనిపెట్టి, దానిని స్థిరముగా నుంచి, మిగిలిన యాదృచ్ఛికపు రద్దునంతను సరాసరిలో కరిగించుట. ఇచట ఆ రాశి అన్నింటికన్న పెద్ద సంఖ్య. లెక్క చేసి చూచినచో, 190కి దానిలో అయిదవవంతు చేర్చి ఒకటి తీసివేయవలసి వచ్చును, ఆటోలు 227. మొదటి అంచనాకన్న ఇది ఎన్నడును చెడ్డది కాదని సిద్ధాంతము హామీ ఇచ్చుచున్నది. చిత్రమేమనగా, ఈ ఆటోల లెక్కకు క్రామర్–రావు హద్దు వర్తింపదు. చూడదగిన సంఖ్యల పరిధియే మనమెరుగని విలువతో మారుచుండుట ఆ హద్దు షరతులకు విరుద్ధము. ఒకే వ్యాసములోని రెండు ఫలితములలో ఒకటి ఊరుకొన్న చోట రెండవది పని చేసిపెట్టుచున్నది.

ఇట్టి లెక్కయే రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల ట్యాంకులకు వేసిరి. పట్టుబడిన ట్యాంకుల విడిభాగములపైని వరుస సంఖ్యలను చూచి మిత్రరాజ్యముల గణాంకజ్ఞులు నెలకు 246 ట్యాంకులు తయారగుచున్నవనగా, గూఢచారులు 1,400 అనిరి; యుద్ధము ముగిసి దస్త్రములు దొరకగా 245 అని తేలెను. ఈ కథను చెప్పువారు ఇంతటితో చప్పట్లకై ఆగుదురు. కాని 1947లో అచ్చయిన వ్యాసములోని నెలవారీ పట్టిక కొంచెము వేరుగా మాటలాడును. 1940 జూనునకు గణాంకజ్ఞులు 169 అనగా నిజము 122. 1941 జూనునకు 244 అనగా నిజము 271. 1942 ఆగస్టునకు 327 అనగా నిజము 342. ఆ నెలలకే గూఢచారులు 1,000, 1,550, 1,550 అనియుండిరి గనుక గెలుపెవరిదో స్పష్టమే. అయినను నాకు ఆ 245, 246ల జంటకన్న ఈ 169, 122ల జంటపై గౌరవమెక్కువ. ఒకదానిని చూడగా ఋతుపర్ణుడు జ్ఞప్తికి వచ్చును, రెండవదానిని చూడగా మనుష్యులు.

రాధాకృష్ణారావు 1946లో కేంబ్రిడ్జి పోయినది కూడ సూత్రములకై కాదు, ఎముకలకై. సూడానులోని జెబెల్ మోయా అను కొండకడ హెన్రీ వెల్‌కమ్ మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు త్రవ్వించిన సమాధులలోని అస్థిపంజరములు కేంబ్రిడ్జి మ్యూజియమున పడియుండెను. సమాధులు వేలకొలది; ఎముకలు మాత్రము విరిగి, చెదరి, పగిలి, పూర్తి కొలతలకు లొంగనివి. ఆ ప్రాచీనులు ఏ జనులకు దగ్గరివారో తేల్చుటకు, మహలనోబిస్ కల్పించిన దూరమానమును చేతబట్టి పగలు పుర్రెలను కొలుచుచు, తక్కిన వేళల ఫిషర్ వద్ద పరిశోధన సాగించి 1948లో డాక్టరేటు పొందెను. అరకొర కొలతలనుండి వంశములను వేరుచేయవలసిన ఆ అక్కరయే, పలు లక్షణములను ఒక్కసారి పరిగణించి ఒక వ్యక్తి ఏ వర్గమునకు చెందునో నిర్ణయించు పద్ధతులను ఆయనచేత విస్తరింపజేసెను. 2023లో, 102 ఏండ్ల ప్రాయమున, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము వచ్చినది. 1945 నాటి వ్యాసమునే దానికి ముఖ్యకారణముగా చూపిరి. ఆ ఆగస్టు 22న అమెరికాలో ఆయన కన్నుమూసెను. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో ఆయన పేరిట ఒక పరిశోధనసంస్థ కలదు.

వరి లెక్కకట్టిన అమ్మాయి సంగతి చెప్పకయే విడిచితిని. ఆచార్యుడు ఆమె రిపోర్టుపై సంతకము చేయక నెలదినముల గడువిచ్చెను. ఆ గడువు ముగిసిననాడు, ఏదో పనిమీద పోయిన నేను మరల ఆ గదిలోనే యుంటిని. ఈమారు సగటు ప్రక్కన ప్రామాణికదోషము కలదు, ఇరువైపుల హద్దులు కలవు, అంచు మొక్కలను వేరుగా కోసి తూచిన పట్టిక కూడ కలదు. ఆయన పుటలు త్రిప్పి, కలము మూత తీసి, సంతకము చేయబోవుచుండగా ఆమె అడిగినది.

“సార్, చీటీలో వచ్చిన చేలల్లో కొన్ని నేను వెళ్ళేసరికే కోసేశారు. తుఫాను వస్తుందన్నారని తొందరపడ్డారట. వాటికి బదులు పక్క చేలు తీసుకున్నాను. ముందే కోసిన చేలు వేరే రకంగా పండి ఉంటే, ఆ తప్పు ఈ హద్దుల్లోకి వస్తుందా?”

ఆయన కలమును చేతిలోనే పట్టుకొని కొంతసేపు ఆమె పట్టికవైపు చూచి, కుర్చీ దగ్గరకు లాగుకొనుమని సైగ చేసి, “ఏ ఊళ్ళమ్మా అవి?” అనెను.